పదో వంతు దాచినా అప్పు తప్పలేదు

ప్రశ్న: నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో అకౌంట్లు చూస్తున్నాను. నెలకు 32,000 రూపాయల జీతంతో అమ్మా నేనూ గడుపుకుంటున్నాము. మూడేళ్ల క్రితం ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సంపద గురించిన రెండు పాత పుస్తకాలు కొన్నాను. ఒకటి ప్రాచీన బాబిలోన్ నగరం నేపథ్యంగా జార్జ్ క్లాసన్ రాసిన బాబిలోన్ కథలు, రెండోది గట్టి కోరికా, నమ్మకమూ ఉంటే డబ్బు వస్తుందనే నెపోలియన్ హిల్ పుస్తకం. వాటిని చదివాక జీతం అందిన రోజే పదో వంతు, అంటే 3,200 రూపాయలు పక్కన పెడుతూ 26 నెలల్లో 83,200 రూపాయలు కూడబెట్టాను. ఇంతలో అమ్మకు ఆపరేషన్ చేయించవలసి వచ్చి ఆ డబ్బంతా ఖర్చయింది. అది చాలక మరో 1,20,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. నాలో నమ్మకం చాలకనే ఇలా జరిగిందని నా స్నేహితురాలు అంటున్నది. 15,000 రూపాయలు కట్టి రెండు రోజుల సంపద శిక్షణకు రమ్మంటున్నది. లోపం నాలో ఉందా, పుస్తకాల్లో ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లోపం మీలో లేదు. మీరు దాచిన డబ్బే లేకపోతే ఈరోజు మీ అప్పు 2,03,200 రూపాయలు అయ్యేది, నెలకు 2,400 రూపాయల వడ్డీకి బదులు 4,064 రూపాయలు కట్టవలసి వచ్చేది. పదో వంతు చేయగలిగిన పని అది చేసింది. దాని శక్తికి మించిన పనిని కూడా దాని మీద మోపినందువల్లే మీకు ఓడిపోయినట్లు అనిపిస్తున్నది.

మీరు కొన్న రెండు పుస్తకాలూ ఒకే కోవకు చెందినవి కావు. క్లాసన్ కథలు 1926 నుంచి చిన్న చిన్న పుస్తకాలుగా వెలువడ్డాయి, అమెరికాలో బ్యాంకులూ బీమా సంస్థలూ వాటిని తమ ఖాతాదారులకు పంచిపెట్టాయి. డిపాజిట్లు కోరే సంస్థలు పంచిన పుస్తకం పొదుపును గురించి గట్టిగా చెప్పి, జీతమే చాలని ఇంటిని గురించి తక్కువగా చెప్పడం సహజమే. అయినా రాబడిలో పదో వంతు ముందే దాచుకోవాలనే అందులోని ప్రధాన సూత్రం నేటికీ నిలిచి ఉందంటే, అది ఆదాయాన్ని కాక ఖర్చుల వరుసను మార్చమంటుంది కాబట్టే. అద్దె, కిరాణా, కరెంటు బిల్లు పోగా మిగిలింది దాచుదామనుకునే ఇంట్లో నెలాఖరుకు ఏమీ మిగలదు. పోపుల డబ్బాలో నోట్లు దాచిన మన అమ్మమ్మలకూ, ప్రతి నెలా తప్పకుండా చీటీ కట్టే మన పక్కింటివారికీ ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. పై అధికారి దయా, అదృష్టమూ అక్కరలేకుండా ఈ సాయంత్రమే మన చేతులతో మొదలుపెట్టగల పని అది. చిన్న జీతం మీద బతికేవారికి అటువంటి పని ఒకటి దొరకడం ఎంత ధైర్యమో నేను తక్కువ చేసి చెప్పలేను.

అయితే ఆ పని మనిషిని ధనవంతుణ్ణి చేస్తుందనడం వేరే మాట. నెలకు 3,200 రూపాయల చొప్పున 7 శాతం వడ్డీకి 20 ఏళ్లు దాస్తే సుమారు 16.7 లక్షలు అవుతాయి. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే ఆనాటి 16.7 లక్షలతో కొనగలిగింది నేటి 5.2 లక్షలతో కొనగలిగినంతే. అది ఒక కుటుంబాన్ని ఆదుకునే మొత్తమే గాని, సంపద అనిపించుకోదు.

ఇక మీ పొదుపును మింగిన ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మీ జీతం 21,000 రూపాయలు దాటింది కనుక ఈఎస్ఐ వర్తించదు. పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం 2 లక్షలు మించితే ఆహార భద్రత కార్డు రాదు కనుక, ఆ కార్డు ఆధారంగా ఇస్తూ వచ్చిన, 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచిన ఆరోగ్యశ్రీ వైద్యసాయం కూడా మీకు అందకపోవచ్చు. ప్రభుత్వ రక్షణకు పైన, సొంతంగా భరించగల స్తోమతకు కింద ఉన్న ఈ ఖాళీలో మన నగరంలో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఆ ఖాళీని ఏ అలవాటూ పూడ్చలేదు. అమ్మగారి పేర ఆరోగ్య బీమా తీసుకోండి. ఇప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ గడువు ఉండవచ్చు కనుక, ఆ గడువు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

హిల్ పుస్తకం 1937లో, ఆర్థిక మాంద్యం ఇంకా తీరని అమెరికాలో వచ్చింది. ఉద్యోగాలు పోగొట్టుకున్న వారికి కోరికా, విశ్వాసమూ ఉంటే చాలునన్న మాట ఊరటనిచ్చి ఉంటుంది. కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ 1908లో తనకు ఈ విద్య అప్పగించాడని హిల్ చెప్పుకున్నాడు గాని, అందుకు ఆయన మాట తప్ప వేరే ఆధారం లేదు. నన్ను బాధించేది అంతకన్నా ఆ వాదం నడిచే తీరు. డబ్బు వస్తే సూత్రం గొప్పదవుతుంది, రాకపోతే చదివినవారి నమ్మకం చాలనిదవుతుంది. తల్లికి వైద్యం చేయించిన కూతురిని దోషిగా నిలబెట్టే లెక్కను నేను అంగీకరించలేను.

అప్పు విషయంలో బాబిలోన్ కథల్లోనే ఒక పద్ధతి ఉంది: రాబడిలో ఏడు వంతులు ఇంటికి, రెండు వంతులు అప్పులకు, ఒక వంతు పొదుపుకు. దానినీ మీ పరిస్థితికి తగ్గట్టు మార్చుకోవాలి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ అప్పు తలపై ఉండగా 7 శాతానికి దాచడం నష్టమే. నెలకు 3,200 మాత్రమే కడితే ఈ అప్పు తీరడానికి దాదాపు 70 నెలలు పడుతుంది, 6,400 కట్టగలిగితే 24 నెలలు చాలు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి తక్కువ వడ్డీకి ఈ అప్పును మార్చుకోవచ్చునేమో విచారించండి.

శిక్షణ సంగతికి వస్తే, బాబిలోన్ కథానాయకుడు తన మొదటి ఏడాది పొదుపును నగలు కొని తెమ్మని ఒక ఇటుకల పనివాడికి అప్పగించి, గాజుముక్కలు అందుకున్నాడు. ఏ విషయమైనా అది తెలిసినవారినే అడగాలన్నది ఆ కథ. మీ స్నేహితురాలి ఆప్యాయతను నొప్పించకుండానే ఈ ఆహ్వానాన్ని కాదనండి. ఆ 15,000 రూపాయలు మీ దగ్గర ఉంటే అసలులో జమ చేయండి, వచ్చే నెల నుంచి 300 రూపాయల వడ్డీ తగ్గుతుంది. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనుక తేదీతో సహా చెల్లు రాయించుకోవడం మరవకండి.