లద్దెపురుగు మీద తెల్ల గుడ్లు పెట్టేది ఇంటి ఈగేనా?

కాదు, గుంటూరు వైపు మిరప, పత్తి చేలలో లద్దెపురుగు తల వెనక తెల్లటి గుడ్లు అంటించి పోయేది టాకినిడ్ ఈగ. గుడ్డులోంచి వచ్చిన ఈగ పిల్ల, లద్దెపురుగు ఒంట్లోకి దూరి, లోపలినుంచి తినేస్తుంది. పట్టు రైతులు తిట్టుకునే ఉజీ ఈగ కూడా ఈ కుటుంబానిదే.

దూరానికి ఇంటి ఈగలాగే ఉంటుంది గానీ, దీని పొట్ట చివర ముళ్లలాంటి గట్టి నల్ల వెంట్రుకలు నిలబడి ఉంటాయి. మాంసం మీద వాలే ఈగలకూ కొన్ని ముళ్లుంటాయి కాబట్టి అంతటితో ఆగొద్దు. పది రెట్లు చూపే భూతద్దంతో పక్కనుంచి చూడండి: వీపు చివరి చిన్న పలక కింద ఇంకో ఉబ్బు కనిపిస్తే టాకినిడే.

ఫొటో చూసి జాతి పేరు తేల్చడం కష్టం. పెంచి చూడడం మేలు. ఉదాహరణకు, గుడ్డున్న పొగాకు లద్దెపురుగును గాలి ఆడే డబ్బాలో వేసి, అడుగున రెండంగుళాల మట్టి పరిచి, రోజూ లేత ఆముదం ఆకు మార్చండి. మట్టి కొద్దిగా చెమ్మగా ఉంటే చాలు, తడిస్తే బూజు పడుతుంది. పురుగు చచ్చాక గోధుమరంగు గింజలాంటి కోశం దొరికితే అందులోంచి ఈగ వస్తుంది. గుడ్డు పగలకముందే పురుగు కుబుసం విడిస్తే మాత్రం గుడ్డూ దాంతోపాటే ఊడిపోతుంది, ఇక ఏమీ రాదు.

పురుగు ఒంటి మీద దూదిగింజల్లా కనిపించే తెల్ల గూళ్లను చాలామంది ఈగ గుడ్లనుకుంటారు. అవి కందిరీగ జాతి బుల్లి కీటకాల పట్టుగూళ్లు. వాటికి నాలుగు రెక్కలు, ఈగకు రెండే.