కంప్యూటర్ సైన్స్, టీచర్ ట్రైనింగ్ కలిపి చదవబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

రెండూ కలిపి చదవాలని డిసైడ్ అయ్యావని అమ్మ చెప్పింది, నాకు చాలా సంతోషమేసింది. కానీ నీ మెసేజ్‌లో భయం కూడా కనిపించింది, "పెద్దమ్మా, రెంటికీ చెడ్డ రేవడినవుతానేమో" అన్నావు కదా. అలా ఏం కాదు. ఇన్నేళ్లుగా హైస్కూల్ పిల్లలకి కంప్యూటర్స్ చెప్తున్నా కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువుకో.

మొట్టమొదట ఒక నోట్‌బుక్ విడిగా పెట్టుకో. కంప్యూటర్ సైన్స్ క్లాసులో నీకు ఎక్కడ అర్థం కాలేదో, నువ్వు ఏమనుకున్నావో, ప్రోగ్రామ్ అసలు ఏం చేసిందో, చివరికి ఏ ఉదాహరణతో బల్బు వెలిగిందో అన్నీ ఆ రోజే అందులో రాయి. రేపు రాద్దాంలే అనుకోకు, ఎందుకంటే ఒక విషయం అర్థమైపోయాక అర్థం కాని రోజున మన బుర్రలో ఏముండేదో మనకే గుర్తుండదు. రికర్షన్ (ఒక ఫంక్షన్ తనని తానే మళ్లీ పిలుచుకోవడం) వచ్చేసినవాళ్లకి ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది, ఆ మాట టీచర్ నోటి నుంచి వస్తే మాత్రం వెనక బెంచీలో ఉన్న పిల్ల ఇక ఆ ఏడాది చెయ్యెత్తదు. 1986లో లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త సబ్జెక్ట్ తెలియడం, పాఠం చెప్పే పద్ధతులు తెలియడం కాకుండా, ఆ సబ్జెక్ట్‌లో పిల్లలు ఎక్కడ తడబడతారో, ఎలా చెప్తే ఎక్కుతుందో తెలియడం కూడా టీచర్‌కి కావాల్సిన ప్రత్యేకమైన జ్ఞానమే అని వివరించాడు. ట్రైనింగ్‌లో ఇది పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అనే పేరుతో వస్తుంది, చాలామంది పరీక్షకి బట్టీ పట్టి వదిలేస్తారు. ముందు డిగ్రీ చదివేసి ఎప్పుడో తర్వాత ట్రైనింగ్‌కి వెళ్లేవాళ్లు ఆ తడబాట్లన్నీ మళ్లీ పిల్లల దగ్గర వెతుక్కోవాలి, నీకు మాత్రం అవి జరుగుతున్నప్పుడే పట్టుకునే అవకాశం ఉంది, అందుకే రెండూ కలిపి చదవడం బరువు అనుకోవద్దంటున్నా.

ఒక ఉదాహరణ చూడు. బోర్డు మీద మూడు లైన్లు రాయి: ఎ = 5, బి = ఎ, ఎ = 7. ఇప్పుడు బి ఎంత అని అడుగు. సగం క్లాసు ఏడు అంటుంది, లెక్కల క్లాసులో ఈక్వల్స్ అంటే రెండు వైపులా ఎప్పుడూ సమానం అని నేర్పాం కదా, వాళ్ల లాజిక్ వాళ్లకి కరెక్టే. జవాబు ఐదు, ఎందుకంటే ఇక్కడ ఆ గుర్తు "కుడివైపు విలువ తీసుకెళ్లి ఎడమవైపు పేరుకి ఇవ్వు" అని ఆ క్షణానికి ఇచ్చే ఆర్డర్ మాత్రమే. దీన్ని చెప్పడానికి అందరూ వేరియబుల్ అంటే డబ్బా అంటారు, ట్రైనింగ్‌లో నీకూ అదే చెప్తారు. బాగానే ఉంటుంది కానీ డబ్బాలో రెండు వస్తువులు పట్టినట్టే వేరియబుల్‌లో 5, 7 రెండూ ఉంటాయి అనుకునే పిల్లలు తయారవుతారు. పైగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లిస్టుల (వరసగా పేర్చిన విలువల) దగ్గరికి వచ్చేసరికి ఆ డబ్బా మొత్తం పగిలిపోతుంది, బి = ఎ అని రాసి ఎ లిస్టుకి ఇంకో అంకె అపెండ్ చేస్తే, అంటే చివర చేరిస్తే, బి లో కూడా అది కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడున్నది ఒకే లిస్టు, దానికి రెండు పేర్లు. కాబట్టి ఏ పోలిక వాడినా అది ఎంతవరకు పనిచేస్తుందో ముందు నువ్వు కోడ్ రన్ చేసి చూసుకోవాలి.

ఇంకోటి, స్కూల్ పిల్లలకే కదా, నాకు కంప్యూటర్ ఆర్కిటెక్చర్ (మెషీన్ లోపలి నిర్మాణం), డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటి పేపర్లు ఎందుకు అనే ఆలోచన రానివ్వకు. ఏదో ఒక రోజు ఒక పిల్లాడు పైథాన్‌లో 0.1 + 0.2 కొట్టి, 0.30000000000000004 వచ్చింది, కంప్యూటర్ తప్పు చేసింది టీచర్ అంటాడు. నీకు విషయం తెలియకపోతే "అలాగే వస్తుంది, రౌండ్ చెయ్యి" అంటావు, అక్కడితో వాడి ఆసక్తి అయిపోతుంది. తెలిస్తే ఒకటిని మూడుతో భాగించమంటావు, 0.333 అని ఎక్కడా ఆగదు, ఎక్కడో ఒకచోట మనమే ఆపాలి. పదో వంతు మనకి సుఖంగా 0.1, కానీ బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే సున్నా-ఒకట్ల లెక్కలో, అది కూడా అలాగే ఆగకుండా పోతూనే ఉంటుంది, మెషీన్ దగ్గర ఉన్న చోటు పరిమితం కాబట్టి కోసేస్తుంది, ఆ కోత చివరి అంకెలో బయటపడింది అని చెప్తావు. ఐదు నిమిషాల పని, కానీ ఆ పిల్లాడికి ఆ రోజు కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో మొదటిసారి కనబడుతుంది. ఆ ఐదు నిమిషాల కోసమే ఆ పేపర్లన్నీ శ్రద్ధగా చదవాలి తల్లీ.

టైం సంగతి. రెండు చదువులూ టైంని ఒకేలా తినవు. అబ్జర్వేషన్ రిపోర్టులు, సైకాలజీ చదవడం, లెసన్ ప్లాన్లు లాంటివి ముక్కలు ముక్కలుగా చేసుకోవచ్చు, బస్సులోనూ అవుతాయి. కోడింగ్ అలా కాదు, ఒక బగ్ పది నిమిషాల్లో దొరకొచ్చు, సాయంత్రమంతా పట్టొచ్చు, మధ్యలో లేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని వారంలో రెండు మూడు సార్లు ఎవరూ కదిలించని పెద్ద గ్యాప్ కోడింగ్‌కి, లెక్కలకి రిజర్వ్ చేసుకో, అర్ధరాత్రికి మాత్రం పెట్టుకోకు. టీచింగ్ ప్రాక్టీస్ నెలల్లో వేరే పని ఏదీ సాగదు, రోజంతా నిలబడి గొంతు అరిగేలా చెప్పి ఇంటికొచ్చాక డేటా స్ట్రక్చర్స్ ఎక్కవు, ఆ టర్మ్‌లో బరువైన పేపర్ పడకుండా ముందే చూసుకో, డిపార్ట్‌మెంట్ వాళ్లని అడిగితే చాలాసార్లు సర్దుతారు.

క్లాసులో నిలబడ్డాక ఒక్క నియమం గట్టిగా పాటించు, పిల్లల కీబోర్డ్ ముట్టుకోకు. చెయ్యి లాగుతుంది, మూడు సెకన్లలో అయిపోయే పని కదా అనిపిస్తుంది, అయినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు. ఎర్రర్ మెసేజ్‌ని వాళ్ల చేతే పైకి చదివించు, పైథాన్‌లో అయితే చివరి లైన్ నుంచి మొదలుపెట్టమను, తప్పు ఏ రకమో అక్కడే ఉంటుంది, ఆ పైనే లైన్ నంబర్ ఉంటుంది. బ్రాకెట్ మూయడం మర్చిపోతే పాత వెర్షన్లలో ఎర్రర్ తర్వాతి లైన్ మీద పడుతుంది, స్కూల్ ల్యాబుల్లో పాత వెర్షన్లు ఉండొచ్చు, అది గుర్తుపెట్టుకో. రన్ కొట్టే ముందు ఏమొస్తుందో కాగితం మీద రాయమను, ఊహ తప్పినప్పుడే అసలు ప్రశ్నలు పుడతాయి.

కరెంటు పోయినా, సిస్టమ్‌లు చాలకపోయినా పాఠం ఆపక్కర్లేదు. పది మందిని వరసగా నిలబెట్టి పక్కపక్కనున్న ఇద్దరిద్దరిని పోల్చుకుంటూ ఎత్తు ప్రకారం మారమను, ఇలా మళ్లీ మళ్లీ చేయించు, అదే బబుల్ సార్ట్ అనే వరసలో పెట్టే పద్ధతి, ప్రతి రౌండులో చివర తన చోటికి చేరినవాళ్లని వదిలేస్తూ, ముందుగా ఆపకుండా పూర్తిగా చేస్తే 45 పోలికలు పడతాయి. ఇరవై మందితో చేయిస్తే 190. పిల్లలు రెట్టింపయ్యారు, పని నాలుగు రెట్లు దాటింది ఏంటని వాళ్లే అడుగుతారు, కాంప్లెక్సిటీ (డేటా పెరిగే కొద్దీ పని ఎంత పెరుగుతుందనే) పాఠం అక్కడ మొదలుపెట్టు.

ఏఐ టూల్స్ గురించి అడిగావు. నీ అసైన్‌మెంట్ దానితో రాయించొద్దు, ఇంకేం చెప్పను. నువ్వు పడని కష్టాన్ని పిల్లలకి దాటించలేవు. నీ కోడ్ రాసేశాక ఇందులో తప్పేముందని అడగడానికి వాడుకో, అది చెప్పింది కూడా చెక్ చేసుకో.

ఫ్రెండ్స్ అందరికీ సాఫ్ట్‌వేర్ ఆఫర్లు వచ్చే సీజన్‌లో నీకు మనసు ఊగుతుంది, అది సహజం. అప్పుడు ఎవరి మాటా వినకు, నా మాట కూడా. ప్రాక్టీస్ క్లాసుల్లో నీకు ఎలా అనిపించిందో అది మాత్రం నిజాయితీగా చూసుకో, ఆ క్లాసులంటే రోజూ విసుగొచ్చి ఉంటే హాయిగా ఉద్యోగానికి వెళ్లు, ఎవరూ ఏమీ అనుకోరు.

మొదటి లెసన్ ప్లాన్ రాశాక ఫోటో తీసి పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతా. లూప్స్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) మీద అయితే ఇంకా మంచిది, పిల్లలు ఎక్కువగా తప్పేది అక్కడే, పైథాన్‌లో range(1, 10) అని రాస్తే 9 దగ్గరే ఎందుకు ఆగిందో నువ్వు ఎలా చెప్తావో చూడాలనుంది.

మీ పెద్దమ్మ