చర్చి కోర్టులో మామూలు మనుషుల గొంతు

ప్రశ్న: ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చర్చికి సొంత కోర్టులు ఉండేవట. అవి మతగురువులను విచారించడానికేనా? ఆ రికార్డులు ఇప్పుడున్నాయా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా, అక్కడికి వచ్చినవాళ్లలో మామూలు జనమే ఎక్కువ. వీలునామాలు, పెళ్లి తగాదాలు, చర్చికి ఇవ్వాల్సిన పదో వంతు పంట, అన్నీ అక్కడే తేలేవి. వీధిలో ఒకావిడ ఇంకొకావిడ శీలాన్ని ఎత్తి తిట్టినా కేసే! నేరం రుజువైతే తెల్ల దుప్పటి కప్పుకుని, చర్చిలో అందరి ముందు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చేది. పిలిచినా రాకపోతే వెలి.

రికార్డులున్నాయి. యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో 1300 నుంచి 1858 దాకా నడిచిన సుమారు 14,000 వ్యాజ్యాల కాగితాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో నాకు ప్రాణం సాక్షుల వాంగ్మూలాలు. సాక్షిని అందరి ముందు కాకుండా విడిగా కూర్చోబెట్టి అడిగేవారు, గుమాస్తా రాసుకునేవాడు. వయసు, వృత్తి, ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, అన్నీ ఉంటాయి. 1733 వరకు కోర్టు లాంఛనాలన్నీ లాటిన్‌లోనే. కానీ తిట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ మాటను ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు దించేవారు. ఏ చరిత్ర పుస్తకానికీ ఎక్కని పనిమనిషి మాట అక్కడ వినిపిస్తుంది. కింద సంతకం రానివాళ్లు పెట్టిన గుర్తు చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

పరువునష్టం కేసులు 1855లో, వీలునామాలు, విడాకులు 1858లో ఈ కోర్టుల చేయి దాటిపోయాయి. చెస్టర్ కెథెడ్రల్‌కి వెళ్తే 1630ల నాటి కోర్టు గది, చెక్క బల్లలతో సహా, ఇప్పటికీ చూడొచ్చు.