వాము నూనె నీళ్లలో కలిపితే కోళ్ల విరేచనాలు తగ్గుతాయా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. 500 నాటుకోళ్లు పెంచుతున్నాను. కొన్నిటికి తెల్ల విరేచనాలు పట్టుకున్నాయి. యాంటీబయాటిక్ వద్దనుకుని వాము నూనె కొనుక్కొచ్చి తాగే నీళ్లలో పోశాను. నూనె పైన తేలుతోంది, కోళ్లు నీళ్లు ముట్టడం లేదు. ఇది అసలు పనిచేస్తుందా, ఎంత వేయాలి సార్?

జవాబు: ముందు ఆ నీళ్లు పారబోసి, తొట్లు సబ్బుతో కడిగి మంచినీళ్లు పెట్టండి. విరేచనాలవుతున్న కోడి నీళ్లు కూడా తాగకపోతే ఇంకా త్వరగా పడిపోతుంది. పైగా తేలిన నూనె మొదట తాగిన కోళ్లకే ఎక్కువగా వెళ్లి నోరు, అన్నవాహిక మండిస్తుంది, మిగతావాటికి ఏమీ అందదు.

పనిచేస్తుందా అంటే, పనిచేసే గుణం మాత్రం నిజంగానే ఉంది. వాము నూనెలో సుమారు సగం థైమాల్, ఆ ఘాటు దానిదే. ఇది ఫినాల్ అనే రసాయనాల జాతి పదార్థం, నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో మాత్రం ఇట్టే కరుగుతుంది. బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే పొరలో కొవ్వు పదార్థాలు ఉంటాయి కాబట్టి థైమాల్ అందులోకి దూరి పొరను వదులు చేస్తుంది, లోపలి పొటాషియం, కణానికి శక్తినిచ్చే ఏటీపీ బయటికి కారిపోయి బ్యాక్టీరియా చస్తుంది. లవంగ నూనెలోని యూజినాల్ కూడా చాలావరకు ఇదే పని చేస్తుంది. అయితే ఈ.కోలై, సాల్మొనెల్లా అనే పేగు బ్యాక్టీరియాలకు బయట ఇంకో పొర ఉంటుంది, అది నూనెను కొంత అడ్డుకుంటుంది.

అసలు చిక్కు కోడి పేగుల్లో వస్తుంది. ల్యాబ్‌లో గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను చంపిన మోతాదు ఇక్కడ చాలదు, ఎందుకంటే దాణాలోని కొవ్వు, ప్రోటీన్లు కొంత థైమాల్‌ను పట్టేసుకుంటాయి, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం పేగుల మొదటి భాగంలోనే రక్తంలోకి వెళ్లిపోతుంది, సాల్మొనెల్లా తిష్టవేసే గుడ్డిపేగుల దాకా చేరేది కొంచెమే. కంపెనీలు ఈ నూనెల్ని కొవ్వు పూత వేసిన గుళికలుగా అమ్మేది అందుకే. కాబట్టి జబ్బు ముదిరిన కోడికి దీన్ని మందుగా నమ్ముకోవద్దు, ఆరోగ్యంగా ఉన్నవాటికి దాణాలో తోడుగా ఇవ్వండి.

మీ వైపు వాము బాగా పండుతుంది కదా, నూనె కొనే బదులు గింజే వాడండి. 100 కిలోల దాణాకు కిలో వాము పొడి. గింజలో 3 శాతం నూనె, అందులో సగం థైమాల్ అనుకుంటే 15 గ్రాములు, అంటే టన్నుకు 150 గ్రాములు. కోళ్ల మీద ప్రయోగాల్లో సాధారణంగా వాడేది టన్నుకు 100 నుంచి 200 గ్రాములే. నూనె ఆవిరైపోయే రకం కాబట్టి ఎప్పటికప్పుడు పొడి చేసి కలపండి, నెలకు సరిపడా కలిపి ఉంచొద్దు.

యాంటీబయాటిక్ ఊరికే వాడకూడదనే మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది కూడా. కానీ జబ్బేదో తెలియకుండా అటు మందూ ఇటు నూనే రెండూ వృథా. కోడిపిల్లల్లో తెల్ల విరేచనాలైతే పుల్లోరం అనే జబ్బు కావచ్చు, అది సాల్మొనెల్లా వల్ల వస్తుంది, కోలుకున్న పెట్టల గుడ్ల ద్వారా కూడా పిల్లలకు అంటుతుంది, అందుకే ఆ పెట్టల గుడ్లు పొదిగించొద్దు. ఆకుపచ్చ విరేచనాలు, మెడ తిప్పేయడం కనిపిస్తే కొక్కెర తెగులు అనుకోవాలి, అది వైరస్, దానికి టీకా ముందే వేయాల్సిందే, ఏ నూనే పనిచేయదు. జబ్బు కోళ్లను వేరుగా పెట్టండి. కోడి చనిపోతే ఆలస్యం చేయకుండా ఐస్‌లో పెట్టి పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు తీసుకెళ్లండి, వాళ్లు చెప్పిన జబ్బును బట్టి పశువైద్యుడి దగ్గర మందు రాయించుకోండి.