మీరు ఏ సెలబ్రిటీనైనా ఆదర్శంగా తీసుకున్నారా? దానివల్ల మీ జీవితంలో నిజంగా ఏమైనా మారిందా?

తీసుకున్నాను. చెఫ్ వికాస్ ఖన్నాని. మారింది కూడా.

ముందే ఒక మాట చెప్పాలి. ఆయన వంటకం ఒక్కటి కూడా నేను ఇంతవరకు వండలేదు. రాజమండ్రిలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్లకి కావలసింది పప్పు, దొండకాయ వేపుడు, గుత్తి వంకాయ, ముక్కల పులుసు, ఎప్పుడైనా ఆవ పెట్టిన పనసపొట్టు. ఆయన మీద నాకున్న అభిమానం వంట కోసం కాదు, కాలి కోసం.

నేను పుట్టినప్పుడే నా ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. డాక్టర్లు దాన్ని క్లబ్ ఫుట్ అంటారు. మా ఊళ్లో గ్రహణం పట్టింది అన్నారు. నేను కడుపులో ఉండగా గ్రహణం రోజు అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగిందట, అందుకే పిల్ల కాలు వంకరపోయిందట. నాన్న తరఫు వాళ్లు అలా తేల్చేశారు. అమ్మ వాళ్లకి ఎదురు చెప్పలేదు. తనూ అదే నమ్మింది.

పిండికట్లు వేయించారు, మధ్యలో మానేశారు, ఏడేళ్లప్పుడు ఆపరేషన్ చేయించారు. నడక వచ్చింది కానీ పాదం పూర్తిగా తిన్నగా రాలేదు. ఎడమ పిక్క సన్నగా ఉంటుంది. రెండు కాళ్లకీ ఒకే సైజు చెప్పు పట్టదు. స్కూల్లో ఉన్నప్పుడు లంగా నేలకి ఆనేంత పొడుగ్గా కుట్టించమనేదాన్ని. గ్రూప్ ఫోటోల్లో ఎప్పుడూ వెనక వరసే. తర్వాత పెళ్లిచూపులకి వచ్చిన ఒక పెద్దావిడ, "అమ్మాయిని ఆ గుమ్మం దాకా ఒకసారి నడవమనండి" అంది. నడిచాను. వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ కబురు రాలేదు. ఆ రోజు నుంచి కొత్తవాళ్లు ఇంటికొస్తే కుర్చీలోంచి లేచేదాన్ని కాదు.

2011లో స్టార్ ప్లస్‌లో మాస్టర్‌చెఫ్ ఇండియా రెండో సీజన్ వచ్చేది. వికాస్ ఖన్నా జడ్జిగా వచ్చింది అప్పుడే. మా తమ్ముడు క్రమం తప్పకుండా చూసేవాడు. ఒకరోజు, "అక్కా, ఈయనకీ చిన్నప్పుడు నీలాగే కాలట" అన్నాడు. నేను నమ్మలేదు. టీవీలో అంత చక్కగా నడుస్తున్నాడు కదా. వాడే నెట్‌లో వెతికి చదివి వినిపించాడు.

ఆయన 1971లో అమృత్‌సర్‌లో పుట్టాడు, క్లబ్ ఫుట్‌తోనే. ప్రత్యేకంగా చేయించిన బూట్లు వేసుకుని తిరిగాడు. 13 ఏళ్లు వచ్చేదాకా పరుగెత్తలేకపోయాడు. తోటి పిల్లలతో ఆటకి వెళ్లలేక బీజీ అని పిలుచుకునే బామ్మ పక్కన వంటింట్లో కూర్చునేవాడు. 17 ఏళ్లకి ఇంటి వెనకాలే లారెన్స్ గార్డెన్స్ పేరుతో చిన్న చిన్న ఫంక్షన్లకి కేటరింగ్ మొదలుపెట్టాడు. మణిపాల్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. 2000లో న్యూయార్క్ వెళ్లి గిన్నెలు కడగడం దగ్గర్నుంచి దొరికిన పనల్లా చేశాడు. 2010 చివర్లో అక్కడ ఆయన చెఫ్‌గా జునూన్ రెస్టారెంట్ తెరుచుకుంది, మరుసటి ఏడాదే దానికి మిషెలిన్ స్టార్ వచ్చింది, అంటే గొప్ప రెస్టారెంట్లకి ఇచ్చే గుర్తింపు.

అందరూ ఆ స్టార్ గురించే మాట్లాడతారు. నాకు మిషెలిన్ అంటే ఏమిటో కూడా అప్పుడు తెలియదు. నన్ను కదిలించింది వేరు. కాలి సంగతి ఎవరో తవ్వి బయటపెట్టింది కాదు, ఆయనే చెప్పుకున్నాడు. బీజీ గురించి, ఇంట్లో రొట్టెల గురించి చెప్పినట్టే కాలి గురించీ చెప్తాడు. గొంతు తగ్గించడు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కాలి గురించి అలా మామూలుగా మాట్లాడొచ్చని అంతవరకు నాకు తెలియదు. నిజంగానే తెలియదు.

రెండో సంగతి, అది నిలబడి చేసే పని. చెఫ్ అంటే రోజంతా పొయ్యి ముందు నిలబడాలి. నాకు చిన్నప్పటి నుంచి అందరూ చెప్పింది "కూర్చునే ఉద్యోగం చూసుకో" అని. డిగ్రీ అయ్యాక ఒక షాపులో బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ పని చెడ్డదని కాదు, కానీ నా మనసు అక్కడ లేదు. 2013లో నాన్నకి ఆరోగ్యం బాగోక ఇంటి ఖర్చులు పెరిగాయి. అమ్మ చేతి వంటతో కర్రీ పాయింట్ పెడదామని నేనే అన్నాను. "నువ్వు నిలబడలేవే" అంది అమ్మ. నిలబడేలా వంటగది కట్టుకుందాం అన్నాను.

అలాగే కట్టుకున్నాం. పొయ్యి గట్టు నా నడుముకి సరిపోయే ఎత్తులో వేయించాను. పొయ్యి దగ్గర నేల మీద మందపాటి రబ్బరు చాప ఉంటుంది. గట్టు కింద జానెడు ఎత్తు చెక్క పీట పెట్టాను. పప్పు ఉడుకుతున్నంతసేపు ఒక కాలు దాని మీద పెడతాను, తాలింపు వేసేటప్పుడు కాలు మారుస్తాను. నడుం నొప్పి సగానికి సగం తగ్గింది దానితోనే. తరగడం, పచ్చడికి సిద్ధం చేయడం, ప్యాకెట్లకి రబ్బరు బ్యాండ్లు వేయడం అంతా స్టూల్ మీద. బరువైన గిన్నె ఎత్తాల్సి వస్తే ఎవరో ఒకరిని పిలుస్తాను, అందులో మొహమాటం పెట్టుకోను. ఎడమ చెప్పులో లోపల మెత్త వేసి ఎత్తు సరిచేసే మనిషి మా వీధి చివర ఉన్నాడు, ఆరు నెలలకోసారి కొత్తది చేయిస్తాను. నిలబడి పనిచేసే వాళ్లెవరైనా ఆ పీట పెట్టుకుని చూడండి. కాళ్లు బాగున్నవాళ్లకి కూడా ఉపయోగమే.

2020 లాక్‌డౌన్‌లో షాపు మూతపడింది. ఆ ఏప్రిల్‌లోనే ఆయన న్యూయార్క్‌లో ఉండి ఫీడ్ ఇండియా మొదలుపెట్టాడు, జాతీయ విపత్తు సహాయ దళం ఎన్‌డీఆర్‌ఎఫ్ సాయంతో మన దేశంలో వృద్ధాశ్రమాలకి, వలస కూలీలకి సరుకులు, భోజనాలు అందించాడు. అప్పుడు బీబీసీ ఇంటర్వ్యూలో, ఆకలంటే ఏమిటో ఆయనకి భారతదేశంలోనే తెలిసి ఉంటుందన్న అర్థంలో అడిగారు. కాదన్నాడు. అమృత్‌సర్‌లో పెద్ద లంగరు, అంటే గురుద్వారాలో ఉచితంగా భోజనం పెట్టే చోటు, ఉంది, ఊరంతా అక్కడ తినొచ్చు, ఆకలి తెలిసింది న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో పడుకున్నప్పుడు అన్నాడు. ఆ ముక్క నేను ఎన్నిసార్లు చూశానో. మాకు హైవే దగ్గరే. ఒడిశా వైపు నడిచి వెళ్లేవాళ్లు గుంపులు గుంపులుగా కనిపించేవారు. మిగిలిన సరుకుతో పులిహోర కలిపి, రోజుకి యాభై పొట్లాల చొప్పున పద్దెనిమిది రోజులు ఇచ్చాం. తర్వాత బియ్యం అయిపోయాయి. వాళ్ల కాళ్లు పగిలి, వాచి ఉండేవి. ఎదుటివాళ్ల పాదాల వంక నేను తలొంచుకోకుండా చూసింది అప్పుడే.

ఒకటి మాత్రం నాకు నచ్చదు. ఆయన గురించి రాసేవాళ్లు "వైకల్యాన్ని జయించాడు" అని రాస్తారు. నా కాలిని నేనేమీ జయించలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఇప్పటికీ లాగుతుంది. దానికి ఎలా కావాలో అలా పని ఏర్పాటు చేసుకున్నాను, అంతే. ఆయన కూడా ప్రతిచోటా బీజీ పేరు, వాళ్లమ్మ పేరు చెప్తాడు. ఒకసారి వాళ్లమ్మ బిందు గారు ఉన్న వీడియో అమ్మకి చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఆవిణ్ణి కూడా అనుంటారా?" అని అడిగింది. నాకు గొంతు పట్టేసింది. ఇన్నేళ్లూ ఆ మాట అమ్మ లోపల అలాగే ఉందని నాకు ఆ రోజు అర్థమైంది. సుమారు వెయ్యి కాన్పుల్లో ఒకరికి ఇలా వస్తుందని, చాలామందిలో కారణం ఏదో డాక్టర్లకే తెలియదని, గ్రహణానికీ కత్తిపీటకీ దీనితో సంబంధం లేదని కూర్చోబెట్టి చెప్పాను. అంతకుముందు ఎప్పుడో చెప్పాల్సింది.

పోయిన ఏడాది ఒక అమ్మాయి నెలల బిడ్డతో కూర కోసం వచ్చింది. బిడ్డ రెండు కాళ్లకీ తొడల దాకా పిండికట్లు. ఇప్పుడు పాన్సెటి పద్ధతి అని ఉంది. వారం వారం కట్టు మార్చుకుంటూ పాదాన్ని మెల్లగా తిప్పుతారు, చాలామందికి ఐదారు కట్లు పడతాయి, తర్వాత అవసరమైతే మడమ దగ్గర చిన్న కోత. ఆ పైన మధ్యలో కడ్డీ ఉన్న బూట్లు మూడు నెలలు దాదాపు రోజంతా వేయాలి, తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రలో వేయాలి. ఆ బూట్లు మానేస్తే పాదం మళ్లీ లోపలికి తిరిగే అవకాశం ఎక్కువ. ఇదంతా నేను చెప్తుంటే ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంట్లో గ్రహణం మాట వచ్చిందట.

కౌంటర్ దగ్గర పప్పు ప్యాకెట్ కడుతున్న అమ్మ తలెత్తి, "నేనూ గ్రహణం రోజు కూరలు తరిగినదాన్నేనమ్మా. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు. ఇదుగో మా అమ్మాయి, పొద్దున్న ఐదింటి నుంచి నిలబడే ఉంది" అంది. తర్వాత బిడ్డ కట్టు మీద చెయ్యి వేసి, "ఇది ఎన్నోది?" అని అడిగింది.

మూడోదట.