లొంగిపోయిన గాబ్లిన్ దగ్గర ఆట ఆగిపోతే

బందీగా దొరికిన గాబ్లిన్‌ను (పొట్టి రాక్షసుణ్ణి) చంపాలని రోగ్ (దొంగ పాత్ర), విడిచిపెట్టాలని పాలడిన్ (ధర్మయోధుడి పాత్ర) పట్టుబట్టగా, పాత్రలు ధరించి కథ నడిపే మీ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట గంటసేపు నిలిచిపోవడానికి కారణం ఆటగాళ్ళ మొండితనం కాదు. ఏ దారి ఎంచుకుంటే ఏం పోగొట్టుకోవాలో వారికి కనబడకపోవడమే.

1. వాదన మొదలవగానే, ఆ పాత్రలు ఊహించగల పర్యవసానాలను డంజియన్ మాస్టర్‌గా (ఆటను నడిపే వ్యక్తిగా) మీరే పైకి చెప్పండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. దాచిపెడితేనే ఉత్కంఠ ఉంటుందని పొరబడతారు (నేనూ చాలాకాలం పొరబడ్డాను). ఉదాహరణకు ఇలా చెప్పవచ్చు: “వీణ్ణి వదిలితే తెల్లవారేలోగా గుంపును వెంటబెట్టుకొస్తాడు, వెంట తీసుకెళ్తే కాపలాకు ఒకరు నిద్ర మానుకోవాలి, చంపితే, పొదల్లోంచి చూస్తున్న వీడి తమ్ముడు మీకు గుహ దారి చూపడు.”

2. పాలడిన్ ఆటగాణ్ణి అలైన్‌మెంట్ (పాత్ర మంచిదా చెడ్డదా అని చెప్పే ముద్ర) పేరుతో నిలదీయకండి. ఆట నిబంధనల ఐదవ ఎడిషన్‌లో ఆ పాత్రకు కట్టుబాటు మూడవ లెవెల్‌లో స్వీకరించే ప్రమాణమే కనుక, అందులోని నియమాలను చదివి వినిపించమనండి.

3. అప్పటికీ రోగ్ ఏకపక్షంగా పొడిచేస్తానంటే, డైస్ వేయించకముందే మిగతావారి సమ్మతి అడగండి.

ఐదవ ఎడిషన్ 2014 నిబంధనల ప్రకారం, చేతికందే దూరంలో కొట్టిన దెబ్బతో శత్రువు హిట్ పాయింట్లు (ప్రాణబలాన్ని లెక్కించే అంకె) సున్నాకు చేరితే, కొట్టినవారు చంపకుండా స్పృహ తప్పించవచ్చు. కానీ ఆ మాట దెబ్బ తగిలిన క్షణంలోనే చెప్పాలి. బందీలతో వేగలేని బృందానికి ఈ సంగతిని పోరు మొదలవకముందే గుర్తుచేయండి.