పోలో జీటీ టీఎస్ఐని 35 మిల్లీమీటర్లు దించవచ్చా? స్ప్రింగులు మాత్రమే మార్చితే సరిపోతుందా?

మీరు ఇచ్చిన వివరాలు: 60 వేల కిలోమీటర్లు తిరిగిన జీటీ టీఎస్ఐ, 15 అంగుళాల చక్రాలు, కంపెనీ షాక్స్ (కుదుపులను అదుపు చేసే షాక్ అబ్జార్బర్లు). మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, వారాంతాల్లో అనంతగిరి ఘాట్. షాక్స్ కదపకుండా 35 మి.మీ. దించే స్ప్రింగులు వేయించాలని మీ ఆలోచన.

35 వద్దండి. 60 వేలు తిరిగిన షాక్స్ మీద అసలే వద్దు. 20–25 అయితే ఆలోచించవచ్చు, అదీ మీ దారి ఒప్పుకుంటేనే.

ముందు కింద తగిలే సంగతి చూద్దాం. కంపెనీ లెక్కలో గ్రౌండ్ క్లియరెన్స్ (కారు పొట్టకూ నేలకూ మధ్య ఖాళీ) 165 మి.మీ., 35 దించితే 130. చాలామంది ఈ రెండు అంకెల దగ్గరే ఆగిపోతారు. అసలు చూడాల్సింది స్పీడ్ బ్రేకర్ ఆకారం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం కడితే దాని ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. పోలో వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) సుమారు 2.47 మీటర్లే కాబట్టి కారు మధ్యకు వచ్చేసరికి నాలుగు చక్రాలూ ఆ గుట్ట మీదే ఉంటాయి. అప్పుడు గుట్ట పొట్ట వైపు పైకి పొడుచుకొచ్చే ఎత్తు లెక్కకు 45 మి.మీ. మాత్రమే. 130 ఉన్న కారు కూడా దాన్ని హాయిగా దాటేస్తుంది. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోసే సిమెంటు గట్టు అలా ఉండదు. వెడల్పు అడుగున్నర, ఎత్తు ఒక్కోసారి 15 సెం.మీ. ముందు చక్రాలు దిగాక ఆ 150 మి.మీ. మొత్తం పొట్ట కిందే ఉంటుంది. ఖాళీ కారు 165 మీద బొటాబొటీగా దాటుతుంది. నలుగురు ఎక్కితే స్టాక్ కారే గీసుకుంటుంది, ఇక 130 సంగతి చెప్పక్కర్లేదు.

సెల్లార్ ర్యాంప్ ఇంకో పరీక్ష. వాలు నేలను కలిసే అంచు దగ్గర కారు ఎంత కోణాన్ని తగలకుండా దాటగలదో చూస్తే, 165 దగ్గర సుమారు 15 డిగ్రీలు, 130 దగ్గర 12. నాలుగడుగులకు ఒక అడుగు లేచే ర్యాంప్ 14 డిగ్రీలు. పాత అపార్ట్‌మెంట్లలో ఇలాంటివి కొత్తేం కాదు. అంచును గుండ్రంగా తీర్చకపోతే ఇవాళ దాటుతున్న కారు రేపు అక్కడే గీసుకుంటుంది.

డబ్బు పెట్టకముందే తేల్చుకునే మార్గం ఒకటుంది. 35 మి.మీ. మందం థర్మకోల్ ముక్కలు మూడు కోయండి. ఒకటి ఇంజన్ కింది ప్లాస్టిక్ గార్డుకు, రెండోది ముందు బంపర్ కింది అంచుకు, మూడోది వీల్‌బేస్ మధ్యలో అన్నిటికన్నా కిందికి ఉన్న చోట గట్టి టేపుతో అంటించండి. సైలెన్సర్ గొట్టానికి మాత్రం దూరంగా ఉంచండి, కరిగిపోతుంది. రెండు వారాలు మామూలుగా తిరగండి. ఒకసారి నలుగురిని ఎక్కించుకుని డిక్కీలో సామానుతో కూడా వెళ్లండి. ముక్క చిరిగిన ప్రతిచోటా రేపు చిరిగేది గార్డే. తర్వాత 20 మి.మీ. ముక్కలతో మళ్లీ చూడండి. మీ కారుకు సరిపడే అంకె అదే చెబుతుంది.

ఇక ఘాట్ మలుపుల్లో లాభం ఎంత? బరువు కేంద్రం నేల నుంచి 550 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, 35 దించడం వల్ల మలుపులో పక్కకు మారే బరువు తగ్గేది 6 శాతం పైచిలుకు. దాంతోపాటు పోయేది కూడా ఉంది. పోలో ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగ్, షాక్ ఒకే నిలువు కాడగా ఉండే రకం. కంపెనీ ఎత్తులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బాడీకి కలిపే చేయి) బయటి కొన కిందికి వాలి ఉంటుంది. దించేకొద్దీ ఆర్మ్ పడుకుంటుంది, రోల్ సెంటర్ (మలుపులో బాడీ దేని చుట్టూ పక్కకు వాలుతుందో ఆ బిందువు) బాడీ కన్నా ఎక్కువగా దిగిపోతుంది. అంటే బాడీని పక్కకు వాల్చే మీట పొడుగవుతుంది. స్ప్రింగ్ తగినంత గట్టిగా లేకపోతే, దించిన కారే ఎక్కువ వాలుతుంది! స్టీరింగ్ టై రాడ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) కోణం కూడా మారుతుంది కాబట్టి మలుపు మధ్యలో గుంత తగిలితే స్టీరింగ్ కాస్త లాగుతుంది.

షాక్ విషయానికొస్తే, కారు దిగిన ప్రతి మిల్లీమీటరూ షాక్ కిందికి నొక్కుకునే దూరంలోంచే పోతుంది. మీకిప్పుడు ఎంత మిగిలి ఉందో కొలవచ్చు. డస్ట్ బూట్ (రాడ్‌ను కప్పే తొడుగు) పైకి లాగి, షాక్ రాడ్‌కు సన్నటి జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ) బిగించి, షాక్ బాడీ మీద ఆనేదాకా కిందికి తోయండి. మీ మామూలు దారిలో తిరిగొచ్చి చూస్తే అది ఎంత పైకి వెళ్లిందో తెలుస్తుంది. అక్కడి నుంచి బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా నొక్కుకోకుండా ఆపే మెత్తటి దిమ్మ) దాకా ఉన్న దూరమే మీ చేతిలో ఉన్నది. అది 20 మాత్రమే అయితే, 35 దించిన కారు గుంత పడ్డప్పుడల్లా స్ప్రింగ్ మీద కాదు, బంప్ స్టాప్ మీద నడుస్తుంది. బంప్ స్టాప్ పీకేసే మెకానిక్‌లు ఉన్నారు, వాళ్లకో దండం. ఇనుము ఇనుముకు తగిలితే షాక్ లోపలి వాల్వులు పోతాయి, ఆయిల్ కారుతుంది.

స్ప్రింగ్ కోయించడమైతే ఇంకా ఘోరం. కోసిన చివర కప్పులో సరిగ్గా కూర్చోదు, కారు జాకీ మీద లేచినా, చక్రం గుంతలోకి వేలాడినా స్ప్రింగ్ వదులై చోటు తప్పుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును కూడా పోతుంది.

చేయించాలనే తేల్చుకుంటే స్ప్రింగులు, వాటికి జత కుదిరిన పొట్టి షాక్స్, బంప్ స్టాప్‌లు, స్ట్రట్ పై మౌంట్లు, బేరింగులు ఒకేసారి మార్చండి. విడివిడిగా చేస్తే కూలీ రెండుసార్లు. పని మొదలుపెట్టక ముందే నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైర్ గాలి లెక్క తప్పిస్తుంది.

అందరూ వదిలేసేది ఒకటుంది: లోయర్ ఆర్మ్, వెనక బీమ్ బుష్‌ల (కీలు దగ్గరి రబ్బరు తొడుగుల) బోల్టులు. కారు గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే పట్టుకుపోతుంది, కారు దించగానే ఇంకా మెలిపడి త్వరగా చిరుగుతుంది. మీ మెకానిక్ వాటిని విప్పకపోయినా, కొత్త ఎత్తులో చక్రాల మీద బరువు ఉంచి ఒకసారి వదులు చేయించి మళ్లీ బిగింపించండి. తర్వాత అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం. స్ప్రింగులు సర్దుకున్నాక 500 కి.మీ. దగ్గర మళ్లీ. టైర్ లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌ను (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణాన్ని) తిడతారు, ఎక్కువసార్లు దొంగ టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం). వెనక రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్‌లో టో, క్యాంబర్ సర్దే బోల్టులు లేవు, షిమ్‌లు (పలచటి రేకు బిళ్లలు) పెట్టాల్సిందే. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి.

ఇదంతా టైర్ పైన కనిపించే ఖాళీ కోసమే అయితే 195/60 ఆర్15 టైర్లు చూడండి. ఇప్పుడున్న 185/60 ఆర్15 కన్నా వ్యాసం 12 మి.మీ. ఎక్కువ. ఖాళీ 6 తగ్గుతుంది, క్లియరెన్స్ 6 పెరుగుతుంది. ఘాట్ కోసమైతే ముందు మంచి టైర్లు, తర్వాత కంపెనీ ఎత్తులోనే గట్టి షాక్స్. స్ప్రింగుల వంతు ఆ తర్వాతే.

చట్టం సంగతి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌తో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కోదానికి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కొనేముందే ఆర్టీఏలో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. పాత స్ప్రింగులకు ముందు ఎడమ, ముందు కుడి అని పెయింట్‌తో రాసి అటక మీద పెట్టండి. అమ్మేటప్పుడు కొనేవాడు ముందు అడిగేది వాటినే.